ఎడమచేతి సాక్ష్యం

నా పెళ్ళి నేను చూడలేదని మా ఆవిడ తేల్చింది. అదీ పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి, ఒక యంత్రం కింద నన్ను కూర్చోబెట్టి మరీ.

"కళ్ళు మూసుకో. తాళి కట్టిన క్షణం గుర్తు తెచ్చుకో. ఏం కనిపిస్తే అది పైకి చెప్పు" అంది సుభాషిణి.

బ్యూటీపార్లర్లో జుట్టు ఆరబెట్టే డబ్బా లాంటిది నా నెత్తి మీద ఉంది. పక్కన గోడకి ఒక తెర. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "పీటల మీద కూర్చున్నాం. నువ్వు తల వంచుకున్నావు. నేను లేచి, వంగి ముళ్ళు వేస్తున్నాను. నా పట్టు కండువా వీపు మీదికి జారిపోతోంది..."

"కండువా వీపు మీదికి జారడం నీకెలా కనిపించింది?"

"అంటే?"

"నీ వీపు నీకే కనిపిస్తోందంటున్నావు. అది నీ జ్ఞాపకం కాదు మహానుభావా. మన పెళ్ళి వీడియో."

కళ్ళు తెరిచి చూశాను. తెర మీద గీత పసుపుపచ్చగా, నేలబారుగా పోతోంది. ఛ, అదేం కాదని వాదించాను. ఇంకేమైనా గుర్తుందేమో చూడమంది. కాసేపు తడుముకుంటే పొగ గుర్తొచ్చింది. హోమం పొగకి కళ్ళు మండి, ముడి ఎక్కడ వెయ్యాలో కనిపించక, తడి దారం వేళ్ళకి అంటుకుంటే బిత్తరపోవడం గుర్తొచ్చింది. ఆ మాట చెబుతుండగానే గీత గబగబా పైకి లేచి ఆకుపచ్చగా మారింది.

"ఇది నీది" అంది సుభ.

మనం కళ్ళారా చూసినదానితో పాటు మెడ తిప్పిన గుర్తూ, కాళ్ళ కింద నేల గుర్తూ, కుడికన్ను చూపుకీ ఎడమకన్ను చూపుకీ ఉండే చిన్న తేడా కూడా బుర్రలో పడతాయట. తెర మీద చూసినదానికి ఇవేవీ ఉండవు. మనిషి టీవీ ముందు మెడ కదపడు కదా! లోతున్న జ్ఞాపకం ఆకుపచ్చ, చదును జ్ఞాపకం పసుపు. యంత్రానికి ఆవిడ పెట్టిన పేరు నోరు తిరగదు. లోతుమాపకం అని నేనే పెట్టాను. పేర్లు పెట్టడం, మాటలు రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

నా పేరు రంగనాథ్. "ఆ రోజు ఆ క్షణం" అని రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక ఛానెల్లో నేరాల ప్రోగ్రాం వచ్చేది, గుర్తుందా? దాని రాత నాది, వెనకనుంచి వినిపించే గొంతు నాది. "అసలు ఆ తెల్లవారుజామున ఏం జరిగింది?" అని నేను సాగదీసి అడిగితే విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా అన్నం కంచాల ముందు చేతులు ఆగిపోయేవి. పదకొండేళ్ళు రాశాను. నా రాతల్లో ఎంతమందికి శిక్ష పడిందో లెక్కలేదు. అంతటివాణ్ణి, కోర్టు లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

సుభ యంత్రం కోర్టుల కోసం తయారైంది కాదు. ప్రమాదాల్లో, దాడుల్లో మనసు చెదిరిపోయినవాళ్ళు యూనివర్సిటీ కొండమీద ఉన్న తన ల్యాబ్‌కి వస్తారు. కళ్ళారా చూసిందేదో, తరవాత వచ్చి అంటుకుందేదో విడదీసి చూపిస్తే వాళ్ళ భయం సగం తగ్గుతుందని తన నమ్మకం.

నేను మధ్యాహ్నం డ్యూటీకి పోతూ తనకి క్యారియర్ ఇచ్చి వెళ్ళేవాణ్ణి. ఆ శుక్రవారం బయట కుర్చీలో ఎవరూ లేరు. తలుపు తోసుకుని అద్దాల గది వెనక్కి వెళ్ళిపోయాను. వెళ్ళకూడదని తెలుసు. తెలిసే వెళ్ళాను, పులుసు చల్లారిపోతుందని.

అద్దానికి అవతల నలభై ఏళ్ళ ఆవిడ యంత్రం కింద కూర్చుని కళ్ళు మూసుకుని ఉంది. మాటలు ఇవతల స్పీకర్లో వినిపిస్తున్నాయి.

"ఎడం సేత్తోటండి. ఎడం సేత్తో కత్తి లాగినాడు. ఎర్ర సొక్కా. ఒకపాలి పొడిసినాడు, మళ్ళీ పొడిసినాడు."

గీత పసుపుపచ్చగా నేలబారుగా పోతోంది.

"తరవాత?" సుభ గొంతు మెత్తగా ఉంది.

"మా ఆయన బండి పట్టుకుని జారిపోనాడండి. నా వైపు సూసినాడు. 'రత్నం, పిల్లలు జాగ్రత్త' అన్నాడు. అదే ఆకరి మాట." ఆవిడ పమిటతో కళ్ళు ఒత్తుకుంది. "గొంతు మాత్తరం మారిపోనాది డాక్టరమ్మా. మా ఆయన గొంతులా నేదు. పేనం పోయేటప్పుడు గొంతు మారిపోద్దేమో."

గీత ఇంకా పసుపే.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. నాదే.

ఆవిడ నూకరత్నం. రెండేళ్ళ కిందట అనకాపల్లి బైపాస్ దగ్గర, పొద్దున్న ఆరుగంటలప్పుడు, టిఫిన్ బండి దగ్గర ఆవిడ భర్త సూరిబాబుని ఎవరో పొడిచి పారిపోయారు. మంగళవారం హత్య, శనివారం మా ప్రోగ్రాం. అనకాపల్లి వెళ్ళడానికి టైమెక్కడిది? స్టూడియో వెనక సందులోనే ఒక తోపుడుబండి పెట్టి తీసేశాం. హంతకుడి వేషానికి మనిషి దొరక్క మా లైట్‌మేన్ వీరభద్రానికి ఎర్రచొక్కా తొడిగాం. ఆ రోజే అతని కుడి అరచెయ్యి లైటుకి తగిలి బొబ్బెక్కింది. అందుకని కత్తి ఎడమచేత్తో పట్టుకున్నాడు. అంతే సంగతి.

మా పద్ధతిలో బొమ్మ ముందు, మాట తరవాత. తెర మీద ఏది కనిపిస్తే దానికి తగ్గట్టు రాయాలి. ఎడమచెయ్యి కనిపించింది కాబట్టి "ఎడమచేతి వాటం ఉన్న ఆ కిరాతకుడు" అని రాశాను. చచ్చిపోయేవాడు ఏమీ అనకుండా చచ్చిపోతే చూసేవాళ్ళు ఛానెల్ మార్చేస్తారు కాబట్టి సూరిబాబుకి ఒక చివరి మాట రాశాను. ఇద్దరు ఆడపిల్లలున్నారని పేపర్లో చదివాను, "పిల్లలు జాగ్రత్త" అన్నాను. డబ్బింగ్ చెప్పేవాడు రాకపోతే ఆ మాట కూడా నేనే గొంతు బొంగురు చేసి చెప్పాను. ఒక్క టేకులో ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు కూడాను, నా బతుకు తెల్లారినట్టే ఉంది!

ఆ తరవాత తవిటిరాజు అనే ఆటో డ్రైవర్ని పట్టుకున్నారు. హత్యకి వారం ముందు ఆటో ఆపే చోటు గురించి సూరిబాబుతో గొడవపడ్డాడు. పైగా వాడిది ఎడమచేతి వాటం.

నేను అద్దం వెనక నిలబడి ఉండడం సుభ అప్పుడు చూసింది. ఆ చూపుతోనే నన్ను బయటికి గెంటేసింది.

సాయంత్రం ఇంట్లో సుభ బీరకాయ చెక్కు తీస్తుంటే నేనే కదిపాను.

"సుభా, ఆవిడ పొడిచినవాణ్ణి చూళ్ళేదు. ఎడమచెయ్యి చూళ్ళేదు. నీ యంత్రమే చెప్పింది."

"యంత్రం చెప్పింది నాకు. నీక్కాదు." కత్తిపీట పక్కకి తోసింది. "ఆవిడ నన్ను నమ్మి కూర్చుంది. అక్కడ విన్నదాంట్లో ఒక్క అక్షరం నీ నోట్లోంచి బయటికొస్తే రేపట్నుంచి ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుంటారా?"

"మరి తవిటిరాజు? ఉరి కాకపోయినా యావజ్జీవం పడుతుంది. నువ్వే వెళ్ళి కోర్టులో చెప్పు, యంత్రం పరీక్షలో తేలిందని."

"నీ ప్రోగ్రాం అనుకున్నావా? నార్కో పరీక్షలో నిజం కక్కేశాడని నువ్వు ఊదరగొడతావే, అలాంటివి చూసి కోర్టు శిక్ష వెయ్యదు. ఆవిడ ఒప్పుకోకుండా ఆ కాగితం నేను ఎవరికీ ఇవ్వకూడదు కూడా."

"అయితే ఏం చెయ్యమంటావు? నోరు మూసుకుని కూర్చోమంటావా?"

కత్తిపీట మళ్ళీ ముందుకి లాక్కుంది. "ఆవిడ చెప్పింది ఆవిడది. నువ్వు రాసింది మాత్రం నీదే. అది ఎవరికి చెప్పుకుంటావో నీ ఇష్టం."

నా ఇష్టమట! వారంరోజులు నాకు అన్నం సహించలేదు. ఆ ప్రోగ్రాంలు చూసి పోలీసులు కేసు నడుపుతారా, వాళ్ళ దగ్గర ఇంకేవో సాక్ష్యాలు ఉండే ఉంటాయి, వాడు నేరం ఒప్పుకున్నాడని మేమే రెండ్రోజులు వేశాం కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఎనిమిదో రోజు తట్టుకోలేక తవిటిరాజు వకీలు ఎవరో కనుక్కుని వెళ్ళాను.

ఆవిడ పేరు హైమవతి. ప్రభుత్వం తరఫున ఉచిత న్యాయసహాయం కింద వేసిన లాయరు. బార్ అసోసియేషన్ హాల్లో మూల బల్ల దగ్గర ఉప్మా తింటోంది. నా పేరు చెప్పగానే చెంచా కింద పెట్టింది.

"మీ వల్లే ఈ కేసు నాకొచ్చింది సర్. వీడి తరఫున ఏ లాయరూ వాదించకూడదని మీరు ఆవేశంగా చెప్పారు కదా, ఒక్కరూ ముందుకి రాలేదు."

నేను సిగ్గుతో తల దించుకుని, "వాడు ఒప్పుకున్నాడన్నారు కదండీ" అన్నాను.

"పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యం కాదు సర్. అది ఇవాళ్టి చట్టం కాదు, మా తాతల నాటిది. మీరు పదకొండేళ్ళుగా 'నేరం ఒప్పుకున్న హంతకుడు' అని రాస్తున్నారు." నవ్వుతోందో తిడుతోందో తెలియలేదు. "పోనీ ఇది చెప్పండి. అరెస్టు చేసినవాళ్ళ మొహానికి పోలీసులు ముసుగు ఎందుకు వేస్తారు?"

"పరువు పోకుండా..."

"సాక్షి ముందుగా చూసెయ్యకుండా. తరవాత జైల్లో పదిమంది మధ్య నిలబెట్టి, మేజిస్ట్రేటు ముందు గుర్తుపట్టమంటారు. తవిటిరాజుకి పోలీసులు ముసుగు వేశారు. మీ ఛానెల్ వాళ్ళు అతని చెల్లెలి పెళ్ళి ఫోటో నెట్లో వెతికి పట్టుకుని, మొహం చుట్టూ ఎర్రగీత గీసి రెండ్రోజులు తిప్పారు. ఆ తరవాత ఆవిడ గుర్తుపట్టక ఏం చేస్తుంది? సరే, అది నేను వాదించుకుంటాను. ఈ ఎడమచెయ్యే నాకు కొరుకుడు పడ్డంలేదు. ఎఫ్.ఐ.ఆర్.లో ఎక్కడా లేదు. హత్యయిన ఆరోరోజు, సోమవారం, పోలీసులకి ఆవిడే చెప్పింది. ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"శనివారం నా దగ్గర్నుంచి వచ్చింది" అన్నాను.

వీరభద్రం బొబ్బ సంగతి చెప్పాను. రాసిన పుస్తకం చూపించాను. ఆవిడ రెండుచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"తవిటిరాజు జైల్లో ఏం చేస్తున్నాడో తెలుసా సర్? కుడిచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. కుడిచేత్తో సంతకం పెట్టడం వచ్చేస్తే వదిలేస్తారని ఎవరో చెప్పారట. వెళ్ళినప్పుడల్లా కాగితం నిండా ఒంకరటింకరగా పేరు రాసి చూపిస్తాడు. అది మానరా బాబూ, అదే నేరం ఒప్పుకున్నట్టుంటుందిరా అంటే వినడు."

నేను సాక్ష్యం చెబుతానన్నాను. ఎడమచెయ్యి గురించి మాత్రమే. చివరి మాట గురించి ఆవిడకి చెప్పలేదు. ఆవిడా అడగలేదు. ప్రోగ్రాం ఆవిడ చూసిందట గానీ, సూరిబాబు చివరి మాట మేము నూకరత్నం దగ్గర కనుక్కునే పెట్టామనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు.

ఇంటికొచ్చి సుభకి చెబితే, "అవసరం లేకపోతే ఆ మాట జోలికి వెళ్ళకు" అంది. "భర్త పోయిన నెలకే బండి మళ్ళీ పెట్టింది. ఎలా పెట్టావమ్మా అనడిగితే, పిల్లలు జాగ్రత్తన్నాడు కదా అంది. ఆ మాట పట్టుకునే లేస్తోంది ఆవిడ."

సమన్లు వచ్చిన రోజే మా ప్రొడ్యూసర్ ఫోన్ చేశాడు. "గురూ, నువ్వు బోనెక్కి మన ప్రోగ్రాం అంతా కట్టుకథ అంటావా? ఛానెల్ మూతపడితే నలభై కుటుంబాలు రోడ్డున పడతాయి. గుర్తులేదని చెప్పు, చాలు. ఎవరడిగారు నిన్ను?" నేను ఆలోచించుకుంటానన్నాను. మర్నాడు ఆఫీసు గేటు దగ్గర నా కార్డు పనిచెయ్యలేదు.

కోర్టు హాలు చూసి మొదట నాకు మతిపోయింది. మా ఊళ్ళో పోస్టాఫీసే కాస్త పెద్దగా ఉంటుంది. జడ్జిగారి బల్ల మీద సుత్తి లేదు. "ఆర్డర్, ఆర్డర్" అని ఎవరూ అరవలేదు. భగవద్గీత తెస్తారని చెయ్యి చాపి నిలబడ్డాను. బెంచి క్లర్కు నన్ను ఎగాదిగా చూసి, "చెయ్యి దించండి. దేవుని సాక్షిగా నిజం చెబుతానని అనండి చాలు" అన్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. వందల సీన్లలో సుత్తి కొట్టించాను, భగవద్గీత మీద చేతులు పెట్టించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు చూశాను, నూకరత్నాన్ని. తన సాక్ష్యం ఎప్పుడో అయిపోయింది కాబట్టి లోపలే కూర్చోవచ్చు. మూడో బెంచీ చివర, పెద్దకూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. సుభ గోడవారన నిలబడి ఉంది. అటుపక్క ఇద్దరు పోలీసుల మధ్య తవిటిరాజు. కుడిచెయ్యి బయటికి కనిపించేలా ముందుకి పెట్టుకుని ఉన్నాడు.

హైమవతి అడిగింది, నేను చెప్పాను. బొబ్బ, కత్తి, ఎడమచెయ్యి, శనివారం ప్రసారం. జడ్జిగారు ఒక్కొక్క వాక్యమే చెబుతుంటే టైపిస్టు కొడుతోంది. పావుగంటలో అయిపోయింది. ఇంతేనా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచారు. బట్టతల, మెత్తని గొంతు, తొందరనేది లేని మనిషి.

"రంగనాథ్ గారూ, మీ ప్రోగ్రాంలో మృతుడు చనిపోయే ముందు ఒక మాట అంటాడు. అవునా?"

"అవునండి."

"'రత్నం, పిల్లలు జాగ్రత్త.' ఇదే మాట నూకరత్నం గారు ఈ కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. భర్త ఆఖరి మాట ఆవిడకి తప్ప ఎవరికి తెలుస్తుంది? అంటే మీరు ఆవిడ దగ్గర తెలుసుకునే ప్రోగ్రాం తీశారన్నమాట. ఎడమచెయ్యి కూడా ఆవిడ చెబితేనే పెట్టారు. ఇప్పుడు ఏ కారణం చేతో దాన్ని లైట్‌మేన్ మీదికి నెడుతున్నారు. అవునంటారా, కాదంటారా?"

"ఎడమచెయ్యి ఆవిడ చెప్పలేదండి."

"అది మీరంటున్నారు. సరే, చెయ్యి సంగతి వదిలేద్దాం. కత్తిపోటు తిన్న మనిషి గొణిగిన మాట వినిపించాలంటే సాక్షి ఎంత దగ్గర్లో ఉండాలి? రెండడుగులా? మూడా? అంత దగ్గర్లో ఉన్న ఇల్లాలికి, ఎదురుగా కత్తి పట్టుకున్నవాడి మొహం కనిపించదంటారా?"

హైమవతి అభ్యంతరం అంటూ లేచింది. జడ్జిగారు వినిపించుకున్నారు గానీ నా వైపే చూస్తున్నారు. "సాక్షి ఒక్కదానికి జవాబు చెప్పాలి. ఆ చివరి మాట మీ ప్రోగ్రాంలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

తెలియదు అనొచ్చు. గుర్తులేదు అనొచ్చు. అంటే నూకరత్నం ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించుకుంటుంది, తవిటిరాజు జైలుకి పోతాడు. నేను సుభ వైపు చూశాను. సుభ చూపు తిప్పుకుంది. సాయం చెయ్యనంది, మంచిదే, ఇది నాదే. నూకరత్నం వైపు చూద్దామంటే మొహం చెల్లలేదు. అయినా చూశాను. నన్ను అంతవరకు ఎవరో టీవీ మనిషిగానే చూస్తోంది ఆవిడ, శత్రువులా కూడా కాదు.

"నేను రాశానండి" అన్నాను.

"ఎవరు చెబితే?"

"ఎవరూ చెప్పలేదు. కూర్చుని రాశాను. ఆవిణ్ణి మేమెవరమూ కలవలేదు. ఫోన్ కూడా చెయ్యలేదు. ఇద్దరు పిల్లలని పేపర్లో చదివి ఆ మాట కల్పించాను." బోను కర్ర పట్టుకున్నాను. "ఆ మాట పలికింది కూడా నేనే. డబ్బింగ్ చెప్పే మనిషి ఆ రోజు రాలేదు. సూరిబాబు గొంతు నేను ఎప్పుడూ వినలేదు."

పి.పి. గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కోర్టువారు అనుమతిస్తే..." అంది హైమవతి. "ఆ ప్రోగ్రాం రికార్డు కోర్టులో ఉంది. సాక్షి ఆ వాక్యం ఒకసారి పలకాలని కోరుతున్నాను. పోల్చి చూడడానికి."

ఇది నేను ఊహించలేదు. జడ్జిగారు పలకమన్నారు.

నేను పలికాను. పదకొండేళ్ళ అలవాటు, ఎంత వద్దనుకున్నా గొంతు తనంతట తనే బొంగురుపోయింది. "రత్నం, పిల్లలు జాగ్రత్త."

మూడో బెంచీలోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు కాదు. ఊపిరి ఎగపీల్చి వదలడం మరిచిపోతే వచ్చే శబ్దం. పెద్దకూతురు, "అమ్మా, అమ్మా" అంటూ భుజం కుదుపుతోంది. నూకరత్నం కళ్ళార్పకుండా నా నోటి వైపే చూస్తోంది. నేను బోనులోంచి ఎలా దిగానో, ఎవరు నన్ను బయటికి తీసుకొచ్చారో నాకు తెలియదు.

తీర్పు మూడువారాలకి వచ్చింది. తవిటిరాజుని విడుదల చేశారు. వాడు రెండుచేతులూ ఎత్తి జడ్జిగారికి దండం పెట్టి, ఏ చేత్తో సంతకం పెట్టాలని హైమవతిని అడిగాడట. నీ ఇష్టం వచ్చిన చేత్తో పెట్టరా అని ఆవిడ ఏడ్చేసింది. మా పాత ఛానెల్ మాత్రం "సాక్ష్యాలు లేక తప్పించుకున్నాడు" అని వేసింది. నా ఉద్యోగం ఎలాగూ పోయింది. సూరిబాబుని చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు. నా ప్రోగ్రాం అయితే తేల్చేసేవాణ్ణి.

ఆ మూడువారాలూ నూకరత్నం బండి పెట్టలేదు. సుభ రెండుసార్లు ఇంటికెళ్ళి తలుపు కొట్టింది. తియ్యలేదు. తీర్పు రోజు మాత్రం వచ్చింది. అంతా అయ్యాక, కోర్టు వరండాలో నేను, సుభ నిలబడి ఉంటే తిన్నగా మా దగ్గరికే నడిచొచ్చింది. నాలుగు దెబ్బలు కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అమ్మా, నన్ను..." అన్నాను.

"నువ్వుండు బాబూ." నా వైపు చూడకుండానే అంది. "డాక్టరమ్మా, ఆ మాట ఈ బాబుదైతే, మరి మా ఆయనేటన్నాడు? ఆ పొద్దున్న నాకాడ ఏటీ అన్నేదా? నీ మిసను కింద కూకుని అంతా సెప్పినాను కదా. ఏది నాదో నీకు తెలుసు. సెప్పు."

సుభ నన్ను దూరంగా వెళ్ళమని సైగ చేసింది. నూకరత్నమే, "ఉండనీ, ఇననీ" అంది.

"మీరు పంపు దగ్గర గిన్నెలు కడుగుతున్నారు. ఆ చప్పుడులో తరవాత ఏమీ వినిపించలేదు. తిరిగి చూసేసరికి ఒక మనిషి వీపు, పరిగెడుతూ. అది మీరు చూశారు." సుభ ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "అంతకి ముందు మీ ఆయన మిమ్మల్ని పిలిచారు. ఆ మాట చెప్పినప్పుడు గీత ఆకుపచ్చగా వచ్చింది. 'చెట్నీలో ఉప్పు చాల్లేదే' అన్నారు."

నూకరత్నం కనుబొమలు ముడిపడ్డాయి. అలాగే నిలబడి ఎటో చూసింది. మెడ కొంచెం పక్కకి తిరిగింది, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు.

"అవును" అంది. "అన్నాడు. అవునండి, అన్నాడు. నానేటన్నానో తెల్సా? 'నీకు సేతుల్నేవా, నువ్వే ఏసుకో' అన్నాను. కసిరినాను. ఆ మాటా నాదేనా డాక్టరమ్మా? అదీ ఆకుపచ్చగానే ఒచ్చిందా?"

సుభ తల ఊపింది. ఆ క్షణంలో యంత్రాన్ని తనే కొండ మీంచి కిందికి తోసేసేలా ఉంది మొహం.

నూకరత్నం వరండా మెట్టు మీద కూలబడిపోయింది. పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండేళ్ళుగా ఆపుకున్నదంతా ఏడ్చింది. అటూ ఇటూ పోయే గుమస్తాలు తప్పుకుని వెళ్తున్నారు. నేను కూడా మెట్టు మీద, కొంచెం ఎడంగా కూర్చున్నాను. ఏమైనా అనాలని ఎంత వెతుక్కున్నా నాకు ఒక్క మాట దొరకలేదు.

చాలాసేపటికి మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నీ మాటే బాగుంది బాబూ" అంది. "కానీ మా ఆయన అలాగ మాటాడడు."